విజయ లాంచీకి సీనియర్ సరంగు

సోమవారం పొద్దున దూలయ్య పెట్టుకున్నది చిన్న పని. గంజి తాగి, తెల్లచొక్కా తొడుక్కుని, కూనవరం రేవులోని లాంచీల ఆఫీసుకు పోయి సంతకం పెట్టాలి. సంతకం పెట్టగానే విజయ లాంచీ తాళం చేతికి వస్తుంది. సాయంత్రం ఆ లాంచీని తానే నడుపుకుంటూ వచ్చి, తమ గూడెం ముందు నిలబెట్టి మూడుసార్లు హారన్ కొట్టాలి.

"మూడుసార్లు ఎందుకు? ఒక్కపాలి కొడితే ఇనబడదా?" అంది కన్నమ్మ.

"ఒకటి నీకు. ఒకటి ఊరికి. ఒకటి పోతయ్యకు."

"పోతయ్య ఈడ ఉండడు గద."

"గాలి ఉంటది. మోసుకపోతది" అన్నాడు దూలయ్య, గుండీలు పెట్టుకుంటూ.

దూలయ్య సరంగు. లాంచీని నడిపేవాణ్ణి గోదావరి మీద అలాగే అంటారు. పంతొమ్మిది వందల ఎనభై మూడు నాటికి అతనికి ఇరవై ఆరేళ్ళ సర్వీసు, నలభై ఆరేళ్ళ వయసు. ఈ రెండు అంకెలూ అతను మనసులో లెక్కవేసి చెప్పవలసిందే తప్ప ఏ కాగితం మీదా లేవు. చదువు రాదు. సంతకం ఒకటి మాత్రం నేర్చుకున్నాడు, అదీ చాలా గంభీరంగా పెడతాడు.

అప్పటిదాకా ఆ రేవులో రెండు కంపెనీలుండేవి. జానకీ లాంచీ సర్వీసు వాళ్ళవి చెక్క లాంచీలు. దూలయ్యది ఆ కంపెనీ. రత్నం బోట్స్ వాళ్ళవి ఇనుప లాంచీలు. పోతయ్యది ఆ కంపెనీ. ఇరవై ఏళ్ళుగా ఒకరి లాంచీని ఒకరు దాటిపోవడమే ఇద్దరికీ బతుకులో ముఖ్యమైన పని. రోడ్డుపడి, బస్సులొచ్చి, ఎక్కేవాళ్ళు సగమయ్యాక జానకీ కంపెనీ ముసలి యజమాని చేతులెత్తేశాడు. రత్నం బోట్స్ యజమానురాలు సుబ్బరత్నం ఆ కంపెనీని కూడా తనలో కలిపేసుకుంది. సరంగులు ఆరుగురు. కలిపాక మిగిలే లాంచీలు నాలుగు. అంటే జాబితాలో చివరి ఇద్దరికీ లాంచీ ఉండదు. మొదటివాడికి కొత్త విజయ. ఇనుప లాంచీ. కారుకున్నట్టు స్టీరింగు, సరంగు నిలబడటానికి అద్దాల గది, కరెంటు హారన్.

ఆఫీసంటే రేకుల షెడ్డు. సుబ్బరత్నం కుర్చీలో కూర్చుంది. భర్త పోయిన పదేళ్ళనుంచి కంపెనీ ఆమే నడుపుతోంది. నవ్వగా చూసినవాళ్ళు రేవులో లేరు. పక్కన గుమాస్తా పూల్‌సింగ్ నాలుగు నిబంధనల కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"ఒకటి. అందరూ ఒకే కంపెనీ మనుషులు. రెండు. సర్వీసును బట్టి సీనియారిటీ" అని చదివాడు పూల్‌సింగ్. మూడోది చదవడానికి నోరు తెరిచాడు గానీ ఆ రోజు అతనికి ఆ అవకాశం మళ్ళీ రాలేదు.

"నాది ఇరవై ఆరేండ్లు" అన్నాడు దూలయ్య, లేచి నిలబడి.

"నాది గూడ ఇరవై ఆరే" అన్నాడు పోతయ్య, లేవకుండానే. "కానీ దూలన్నవి చెక్కలాంచీ మీది ఏండ్లు. చెక్కలాంచీ చుక్కాని పట్టుడు ఎడ్లబండి తోలినట్టే. రెండేండ్లకు ఒక ఏడు కింద కట్టాలె."

"ఇనుప లాంచీ ఇసుక పట్టిందంటే కదలదు. చెక్కలాంచీ జారి బయటికొస్తది. అసలు పనితనం మాదే. మాకే ఒకటికి రెండు కట్టాలె!"

జానకీ కంపెనీ వాళ్ళు అవునవునన్నారు. రత్నం బోట్స్ వాళ్ళు కాదుకాదన్నారు. చెక్కా ఇనుమూ మీద ఆ చర్చ గంటసేపు నడిచింది. చివరికి సుబ్బరత్నం బల్లమీద కొట్టి, "ఏ లాంచీ అయినా ఏడాదంటే ఏడాదే. ఎవరు ముందు చేరారో అది చెప్పండి" అంది.

అక్కడే దూలయ్య మొదటి తప్పు చేశాడు. సరంగు అయిన రోజు నుంచి కాక, అంతకు ముందు గడకర్ర వేసి లాంచీని తోసే పనిలో చేరిన రోజు నుంచి లెక్క చెప్పాడు. ముప్పై ఏళ్ళయింది. పోతయ్య ఊరుకుంటాడా? అంతకన్నా ముందు నాటుపడవ మీద పొగాకు మోసిన ఏళ్ళు కలిపాడు. ముప్పై మూడు. దూలయ్య పదేళ్ళప్పుడే తండ్రితో వెదురు తెప్పలమీద రాజమండ్రిదాకా పోయిన సంగతి బయటికి తీశాడు. ముప్పై ఆరు.

పోతయ్య మెల్లగా లేచి నిలబడ్డాడు.

"అమ్మగారూ, మా అమ్మ నన్ను పడవలనే కన్నది. శబరి నడుమ. ఎవల్నన్న అడుగుండ్రి."

పూల్‌సింగ్ కలం ఆగిపోయింది. "అంటే, చేరిన తేదీ కింద ఏం రాయాలె పోతన్నా?"

"పుట్టిన తేదీ రాయి."

పుట్టుకను దాటి వెనక్కి పోవడం ఎలా? "మా అమ్మ గూడ నన్ను కడుపుల మోస్తా పడవల తిరిగింది" అన్నాడు దూలయ్య.

"పుట్టకముందు సర్వీసు కంపెనీ లెక్కెయ్యదు" అంది సుబ్బరత్నం.

"గట్లయితే నేను పోతయ్య కంటే ముందు పుట్టిన. నాది కూడ పుట్టిన కాన్నుంచే నీళ్ళ మీది బతుకు. నాకు అరవై రెండేండ్లు."

"నాకు అరవై మూడు" అన్నాడు పోతయ్య వెంటనే.

ఇద్దరి తలల్లోనూ వెతికినా పది తెల్లవెంట్రుకలు దొరకవు. కానీ సుబ్బరత్నం ముఖంలో ఏ మార్పూ లేదు. "గురువారం సాక్షుల్ని తీసుకురండి" అని లేచింది.

ఆ సాయంత్రం గూడెం ముందు ఒడ్డున కన్నమ్మ, ఆమె అక్క ముత్తక్క, ఇంకో పదిమంది ఆడవాళ్ళు హారన్ కోసం నదివైపు చూస్తూ నిలబడ్డారు. దూలయ్య వెనకనుంచి, ఇసుకలో చెప్పులు చేతపట్టుకుని నడిచి వచ్చాడు.

"లాంచేది?" అంది కన్నమ్మ.

"గురువారం నువ్వు రావాలె. సాక్ష్యం ఉన్నది."

ఏం సాక్ష్యమో అతను చెప్పలేదు. అది రెండో తప్పు. చెబుదామనే అనుకున్నాడు గానీ, తన వయసు తానే పదహారేళ్ళు పెంచుకున్నానని పెళ్ళానికి ఎలా మొదలుపెట్టి చెప్పాలో మూడురోజులు ఆలోచించినా తేలలేదు.

గురువారం కన్నమ్మ కొత్తచీర కట్టుకుని షెడ్డుకు వచ్చింది. పూల్‌సింగ్ మర్యాదగా అడిగాడు: "కన్నమ్మక్కా, దూలన్నకు అరవై రెండేండ్లని రాసుకున్నం. నిజమేనా?"

కన్నమ్మ మొగుడి ముఖం చూసింది. దూలయ్య కనురెప్పలతో, కనుబొమలతో, చివరికి గడ్డంతో కూడా సైగ చేశాడు. ఆమె వాటిలో ఏదీ చూడలేదు. వేళ్ళమీద లెక్క పెడుతోంది.

"మా లగ్గమయ్యి ఇరవై ఆరేండ్లు. అరవై రెండంటే... లగ్గం నాటికి ముప్పై ఆరా?" ఆమె గొంతు పైకి లేచింది. "మీ అయ్య ఇరవై అని చెప్పిండు! ముసలోడని ఒకణ్ణి వద్దని నిన్ను చేసుకున్న. వాడికి ముప్పై!"

"కన్నమ్మా, అది గాదు..."

"అరవై రెండు గాదు సారూ. డెబ్బై రాసుకోండ్రి" అని పూల్‌సింగ్‌తో చెప్పి, ఆమె నేరుగా ముత్తక్క ఇంటికి పోయింది.

దూలయ్య ఆమె వెంట రేవుదాకా పరుగెత్తాడు. "అబద్ధం చెప్పిన కన్నమ్మా, లాంచీ కోసం!"

"ఏది అబద్ధం? అప్పుడు చెప్పిందా, ఇప్పుడు చెప్పిందా?"

దానికి ఒక్క మాటలో జవాబుంది. కానీ ఒగర్పుమీద అది నోట రాలేదు. ఆమె చింతచెట్టు మలుపు దాటిపోయింది. దూలయ్య ఒంటరిగా ఇంటికి వెళ్ళి పొయ్యి రాజెయ్యడం చేతగాక మొక్కజొన్న పేలాలు తిని పడుకున్నాడు.

పోతయ్య తరఫు సాక్షి అతని మేనత్త. ఆమెకు చెవులు వినబడవు. ఏమడిగినా "అవ్, పడవలనే" అంది. దాంతో సుబ్బరత్నం విసిగి, ఇద్దరినీ డాక్టరు దగ్గరకు పోయి వయసు రాయించుకురమ్మంది. సోమవారం తుది జాబితా.

రోడ్డుమీది ఊళ్ళో కొత్తగా బోర్డు కట్టిన డాక్టరొకాయన ఉన్నాడు. దూలయ్య గది గుమ్మం బయట చొక్కా నలిపి, నడుం వంచి, దగ్గుతూ లోపలికి పోయాడు. డాక్టరు గుండెమీద గొట్టం పెట్టి, "ఆయాసం వస్తోందా?" అన్నాడు.

"వస్తది సారు. మెట్టెక్కితె వస్తది, దిగితె వస్తది."

"చెవులు?"

దూలయ్య కాసేపు పలకలేదు. పలకకపోతేనే ముసలితనం బాగా కనబడుతుందని తోచింది. డాక్టరు రాసుకున్నాడు. తర్వాత గోడకు వేలాడుతున్న అట్ట చూపించి, కింది వరుస చదవమన్నాడు. దూలయ్యకు అక్షరాలు నల్లచీమల్లా చక్కగా, ఒక్కొక్కటిగా కనబడుతున్నాయి. చదవడమే రాదు. ఆ మాట చెప్పడానికి, ఇంతటి సీనియర్ సరంగుకు, సిగ్గేసింది.

"ఆనుత లేదు సారు."

"దీని పైది?"

"అదీ ఆనుత లేదు."

డాక్టరు అన్నిటికన్నా పైన, అరచేయంత ఉన్న ఒకే ఒక్క అక్షరం మీద వేలు పెట్టాడు. దూలయ్య దానివైపు చాలాసేపు చూసి, దీనంగా తల అడ్డంగా ఊపాడు. డాక్టరు కూడా దీనంగానే చూసి, ఇంగ్లీషులో ఒక పేజీ నిండా రాసిచ్చాడు. అంత పొడుగు కాగితం పోతయ్యకు దొరకదనుకుంటూ దూలయ్య దాన్ని గుండెజేబులో పెట్టుకున్నాడు. బయట బెంచీ మీద పోతయ్య కర్ర పట్టుకుని, మూలుగుతూ, తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు.

సోమవారం షెడ్డు నిండిపోయింది. కోపం సగం తగ్గిన కన్నమ్మ కూడా వచ్చి వెనక నిలబడింది. పూల్‌సింగ్ కాగితాలు తెలుగు చేసి చదివాడు.

"పోతయ్య. వయసు అరవై నాలుగు. నడుంనొప్పి, మతిమరుపు. దూలయ్య. వయసు అరవై ఐదు. ఆయాసం, చెవుడు, రెండు కండ్లకూ చూపు లేనట్టే. జాబితాల మొదటి నంబరు, దూలయ్య."

చప్పట్లు మోగాయి. తన పేరు తర్వాత చదివిన జబ్బులేవీ దూలయ్య చెవిన పడలేదు. మొదటి నంబరు ఒక్కటే పడింది. ఆ నంబరు పక్కన గంభీరంగా సంతకం పెట్టాడు. సుబ్బరత్నం లేచి వచ్చి అతని భుజాలమీద ఎర్రశాలువా కప్పింది. బంతిపూల దండ వేసింది. రెండో శాలువా పోతయ్యకు కప్పింది. దూలయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై ఆరేళ్ళలో అతనికి ఎవరూ కుర్చీ కూడా వెయ్యలేదు. దండం పెట్టి, కుడిచెయ్యి చాచి నిలబడ్డాడు.

సుబ్బరత్నం విజయ తాళం తీసి, మూడో నంబరువాడైన జంపయ్య చేతిలో పెట్టింది.

"అమ్మగారూ, తాళం..." అన్నాడు దూలయ్య.

"ఏ తాళం?"

"విజయది. నేను సీనియర్ గద."

పూల్‌సింగ్ గొంతు సవరించుకుని, పోయిన సోమవారం చదవలేకపోయిన మిగతా రెండూ చదివాడు. "మూడు. సీనియర్‌కు లాంచీ ఎంచుకునే హక్కు. నాలుగు. అరవై దాటినోళ్ళు ఆ రోజుతోటి రిటైరు."

ఆరుగురిలో ఇద్దరు పోయి నలుగురు మిగిలారు. లాంచీలూ నాలుగే. ఎవరి ఉద్యోగమూ తియ్యవలసిన అవసరం కంపెనీకి పడలేదు.

జంపయ్యకు ముప్పై ఐదేళ్ళు. చుక్కాని పట్టడం దూలయ్య దగ్గరే నేర్చుకున్నాడు. తాళం పట్టుకుని, తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. "నేను అడగలే మామా" అన్నాడు మెల్లగా. దూలయ్య శాలువా కొస పట్టుకుని, ఇసుకలో ఇంటికి నడిచాడు. వెనకే కన్నమ్మ.

"నిజంగ ఎన్నేండ్లు నీకు?" అంది ఆమె దారిలో.

"నలభై ఆరు. మీ అక్క మీద ఒట్టు."

"నా మీద వెయ్యి."

"నీ మీద ఒట్టు."

ఆ పూట ఆమె పొయ్యి రాజేసింది. మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి పోయి సుబ్బరత్నానికి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆమె అంతా విని, "డాక్టరు కాగితం ఉంది. నీ సంతకం ఉంది. నీ భార్య డెబ్బై అని చెప్పింది. వీటిలో దేన్ని నేను నమ్మకూడదు?" అంది. "శుక్రవారం విజయ మొదటి ట్రిప్పు. పెద్దమనుషులుగా నువ్వూ పోతయ్యా ముందు కూర్చుని రావాలి" అని మాత్రం చెప్పింది.

శుక్రవారం పొద్దున గోదావరి మీద మంచు పట్టింది. విజయ ముందుభాగంలో రెండు కుర్చీలు. వాటిలో శాలువాలు కప్పుకుని దూలయ్య, పోతయ్య. ఒకరు ఎడమవైపు ఒడ్డు చూస్తున్నారు, ఒకరు కుడివైపు. వెనక సుబ్బరత్నం, అరవైమంది జనం. అద్దాల గదిలో జంపయ్య.

శబరి కలిసే సంగమం దాటి మైలు పోయాక దూలయ్య వీపు నిటారైంది. ఎదుట నీళ్ళు సన్నగా ముడతలు పడుతున్నాయి. వానాకాలం తర్వాత కొత్తగా పడిన ఇసుక మేట. పక్క కుర్చీలో పోతయ్య వీపు కూడా నిటారైంది. ఇద్దరూ నోరు తెరవకూడదనే కాసేపు పళ్ళు బిగపట్టారు. వాళ్ళు రిటైరైన మనుషులు. కానీ అరవైమంది ఉన్నారు.

"జంపయ్యా, ఎడమకు!" అని అరిచాడు దూలయ్య.

"కుడికి!" అని అరిచాడు పోతయ్య, అదే క్షణంలో.

జంపయ్య ఎడమవైపు చూశాడు. కుడివైపు చూశాడు. ఇద్దరు పెద్దమనుషులు; ఎవరి మాట తీసేసినా తప్పే. తిన్నగా పోనిచ్చాడు.

విజయ మేటమీదకు బరబరా ఎక్కి కూర్చుంది. సుబ్బరత్నం కుర్చీతో సహా నాలుగడుగులు ముందుకు జారింది. రెండు పక్కలా నిండా లోతు నీళ్ళున్నాయి. ఎడమకు పోయినా దాటేది, కుడికి పోయినా దాటేది.

ఇంజను వెనక్కి తిప్పితే నీళ్ళు ఎర్రబడ్డాయి తప్ప లాంచీ కదలలేదు. పిల్లలు ఏడుపు ఎత్తుకున్నారు. దూలయ్య శాలువా విప్పి కుర్చీమీద పడేశాడు. పోతయ్య కర్ర ఎటో విసిరాడు. చెరో గడకర్ర అందుకుని, పై నుంచి మొలలోతు నీళ్ళలోకి దూకారు. చెరోపక్క భుజం ఆనించి, ఇసుక తోడి, గడ దూర్చి ఎత్తడం మొదలుపెట్టారు. నీళ్ళు ఎముకలు కొరికే చలి.

"నీకు నిజంగ ఎన్నేండ్లు?" అన్నాడు పోతయ్య, లాంచీ కింద నుంచి.

"నలభై ఆరు. నీకు?"

"నలభై ఐదు."

"గట్లయితే నేనే పెద్ద" అన్నాడు దూలయ్య, రొప్పుతూ.

పోతయ్య ఇంకా గట్టిగా తోశాడు. రెండు గంటలకు విజయ మేట దిగి, ఊగుతూ లోతు నీళ్ళలో నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు. ఈ చప్పట్లు దూలయ్యకు పూర్తిగా వినబడ్డాయి. ఇద్దరూ లాంచీ అంచు పట్టుకుని, ఒక్క ఊపున పైకెక్కి, సుబ్బరత్నం ముందు నీళ్ళు కారుతూ నిలబడ్డారు.

ఆమె ఇద్దరినీ తల నుంచి పాదాల దాకా చూసింది.

"ఆయాసం," అంది దూలయ్యతో. "నడుంనొప్పి," అంది పోతయ్యతో.

ఇద్దరూ తల వంచారు.

"ఆ కాగితాలు నేను మార్చలేను. సరంగులుగా మీకు రిటైర్మెంటు అయిపోయింది" అంది. "కానీ గడవేసే మనుషులకి కంపెనీ వయసు అడగదు. జంపయ్యకి నది చెప్పేవాళ్ళు కావాలి. ఇష్టమైతే రేపు వచ్చి చేరండి. కొత్త సర్వీసు. ఎడమైనా కుడైనా మీలో మీరు ముందు తేల్చుకుని, అప్పుడు అరవండి."

ఇరవై ఆరేళ్ళ కింద వదిలేసిన పని. ఆ రాత్రి దూలయ్య ముద్ద మింగలేదు. కన్నమ్మే అంది, "నువ్వు ఇంట్ల కూసుంటే నాకు పని ఎక్కువ. నీళ్ళ మీద ఉంటే సాలు. పో." అదీ నిజమే. లాంచీ ఎవరు నడిపితేనేం, కాళ్ళకింద గోదావరి ఉంటే చాలని అతనికీ అనిపించింది. మొదటిసారి వయసుతో, నంబరుతో పని లేకుండా హాయిగా నిద్రపట్టింది.

తెల్లారి నిదానంగా గంజి తాగి, రేవుకు పోయి, షెడ్డులో పూల్‌సింగ్ ముందు గంభీరంగా సంతకం పెట్టాడు. పెట్టి తల ఎత్తేసరికి, ఆ సంతకం పైన ఇంకో సంతకం కనబడింది. సిరా ఆరిపోయి ఉంది.

"ఇదెవరిది పూల్‌సింగ్ సారూ?"

"పోతన్నది. కోడి కూయకముందే వచ్చి కూసున్నడు. నేనొచ్చి తలుపు తీసినంక పెట్టిండు." పూల్‌సింగ్ గోడమీది గడియారం చూసి రిజిస్టరులో రాసుకున్నాడు. "నీకంటె గంటన్నర సీనియర్."

దూలయ్య ఒడ్డుకొచ్చి చూశాడు. విజయ ముందు భాగంలో, మంచి గడకర్ర పట్టుకుని పోతయ్య నిలబడి ఉన్నాడు. వెనకవైపు మిగిలిన గడకర్ర కొంచెం వంకర.